తెల్ల కోడిపిల్ల

మా అమ్మను మా ఊరు రెండుసార్లు సాగనంపింది. మొదటిసారి పూడ్చారు. కొన్ని నెలలకు తవ్వి తీసి కాల్చారు. రెండోసారి నాకు కబురు కూడా పంపలేదు.

మా అమ్మ చౌడమ్మ చేసిన తప్పు ఒక్కటే, ఆమెకు తొన్ను ఉండేది. తొన్ను అంటే బొల్లి. చర్మం అక్కడక్కడా తెల్లబడుతుంది, అంతకు మించి ఏమీ లేదు. నొప్పి లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మా నాయన పోయాక తెల్లబడిన ఆ చేతులతోనే మా అక్కనూ నన్నూ సాకింది. ఊళ్ళో సగం మంది బిడ్డలకు బొడ్డు కోసింది కూడా ఆ చేతులే. బతికున్నన్నాళ్ళూ ఆ చేతుల మీద ఎవరికీ అభ్యంతరం రాలేదు. చచ్చిన తర్వాతే వచ్చింది.

తొన్ను ఉన్న మనిషిని భూమిలో పూడిస్తే మేఘం ఆ పొలిమేర తొక్కదని బెళుగుప్ప పడమటి దిక్కున మా పల్లెల్లో ఒక నమ్మకం. 1965లో వాన ఎగ్గొట్టింది. ఏరువాక పోయింది, ఆషాఢం పోయింది, ఆకాశం సున్నం కొట్టిన గోడలాగా ఉండిపోయింది. ఊరి పెద్ద ముత్యాలప్ప రచ్చకట్ట మీద కూర్చుని, చౌడమ్మను తీస్తే తప్ప వాన రాదని తేల్చాడు. తీయడానికీ ఒక పద్ధతుంది. మొదటి గడారి దెబ్బ, అంటే గడ్డపార పోటు, సొంత మనిషి వేయాలి. మా అమ్మకు కొడుకులు లేరు కాబట్టి అల్లుడు వేయాలన్నారు. మా బావ హనుమంతప్ప వేశాడు. కూతురు నీళ్ళ బిందె చంకన పెట్టుకుని గుంత పక్కన నిలబడాలన్నారు. మా అక్క తిమ్మక్క నిలబడింది.

నేనప్పుడు గుమ్మఘట్ట బడిలో టీచరును. సంతకు వచ్చిన మా ఊరి మనిషి ఒకడు ఈ సంగతి చెప్పాడు. చెప్పిన తీరు వింటే మీకూ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మీ యమ్మను తీసినాం, మూడోనాడు వాన పడింది అని, బిడ్డ పుట్టిన కబురు చెప్పినట్టు నవ్వు మొహంతో చెప్పాడు.

వాన నిజంగానే పడింది. అదే నా కడుపు మంట. వాన కూడా వాళ్ళ పక్షాన చేరింది. ఒక్క పదును పడి, మళ్ళీ మొహం చాటేసింది. ఆ పదునుకు వేసిన శనక్కాయ మొలిచి, మొలిచిన చోటే ఎండిపోయింది. ఎండిన సంగతి ఒక్కడూ తలచలేదు. పడిన వాన సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేను బస్సు దిగి తిన్నగా వీధి నడుమకు పోయి నిలబడి, ముత్యాలప్పను, వాడి వెంట తిరిగినవాళ్ళను, మా బావను, అందరినీ కడిగేశాను. నాకు కోపం ఎక్కువ. నోరు తిరుపాలమ్మది, చెయ్యి తిమ్మక్కది అని అమ్మ మమ్మల్ని చూసి నవ్వేది. నేను అరుస్తాను, అక్క పని చేస్తుంది. ఆ రోజు నా అరుపులు ఊరంతా ఓపిగ్గా విన్నది. ఎండన పడి వచ్చిందని ఒకామె మజ్జిగ తెచ్చి ఇచ్చింది. టీచరమ్మకు నోరు ఎక్కువగాని మనసు మంచిదని ముత్యాలప్ప మెచ్చుకున్నాడు కూడా. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం, గోడ మజ్జిగ ఇవ్వదు.

అక్క మాత్రం అయిపోయింది కదా ఊరుకో అంది. ఈమెకు ఉప్పూ కారం లేవా, కడుపున పుట్టిన కూతురేనా అని నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

అప్పటికే ఆమె కుడి చెయ్యి పడిపోయి ఉంది. పడిపోయింది అనడం కూడా సరి కాదు. ఆ వాన పదునుకు విత్తనం వేస్తున్న రోజు, గొర్రు వెనక నడుస్తూ నడుస్తూ మధ్యాహ్నానికి ఆమె భుజం ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ళు కదులుతాయి. మోచెయ్యి వంగుతుంది. భుజం మాత్రం డొక్కను వదిలి రాదు. ఎవరైనా పట్టి లాగితే ఊపిరి ఆగినట్టు అయిపోతుంది. బిందె నెత్తికెత్తుకోలేదు, రోకలి ఎత్తలేదు, తల దువ్వుకోలేదు. సేద్యం ఇంట్లో చెయ్యి లేవని ఆడదానికి ఎంత విలువో మీకు తెలుసు. ఆమెకు బిడ్డలు కూడా లేరు. మళ్ళీ విత్తనాల కాలానికి చెయ్యి లేవకపోతే కొడుక్కు మారుమనువు చేస్తానని ఆమె అత్త బాహాటంగానే చెప్పింది. మా బావ తల దించుకుని విన్నాడు. తల దించుకోవడం ఒకటే ఆయనకు బాగా వచ్చిన విద్య.

నాటు వైద్యులు కట్లు కట్టారు, ఆముదం మర్దనా చేయించారు. చౌడమ్మ దెయ్యమై కూతురి చెయ్యి పట్టుకుందని ఒకడు అన్నాడు. తవ్వింది ఒకరు, కాల్చింది ఒకరు, దెయ్యమై పట్టేది కన్నకూతురినా? దెయ్యానికి కూడా ఆ మాత్రం న్యాయం తెలియదా? వాడి వేపమండలు వాడి మొహాన కొట్టి బయటికి పంపాను. బళ్ళారి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు సూదులతో గుచ్చి, చిన్న సుత్తితో తట్టి చూశాడు. నర్సు రవిక విప్పమంటే అక్క ససేమిరా ఒప్పుకోలేదు, నన్ను కూడా దగ్గరికి రానీయలేదు. నరాల్లో లోపం లేదు, ఎముకలో లేదు, ఉంటే మనసులో ఉండాలి అన్నాడు ఆయన. పామిడిలో యేసన్న అని ఒక డాక్టరు ఉన్నాడు, అటువంటివి చూస్తాడు, పొమ్మన్నాడు.

ఎండాకాలం సెలవులకు వచ్చి అక్క ఇంట్లోనే ఉన్నాను. ప్రతి మంగళవారం అక్కను తీసుకుని ఉరవకొండలో బస్సు మారి పామిడి పోయేదాన్ని. డాక్టరు యేసన్న కూలి చేసుకునే కుటుంబంలో పుట్టి, మిషను బడిలో చదివి, మద్రాసులోనూ ఆ తర్వాత పరదేశంలోనూ మనసు వైద్యం నేర్చుకుని వచ్చిన మనిషి. నలభై ఏళ్ళుంటాయి. పెన్న ఒడ్డున చిన్న ఇల్లు, ముందు గదిలో ఒక నవారు మంచం, మంచం తల వైపు ఆయన కుర్చీ. మందు బుడ్లు లేవు, సూదులు లేవు.

అక్కను మంచం మీద పడుకోమన్నాడు. నోటికి ఏది వస్తే అది చెప్పమన్నాడు. సిగ్గు అనిపించినా, పిచ్చి మాట అనిపించినా ఆపొద్దు, కలలు వస్తే కలలు చెప్పు అన్నాడు. పరాయి మగవాడి ముందు అక్క ఒంటరిగా పడుకోదు కాబట్టి నన్ను గదిలో ఉండనిచ్చాడు, కానీ నోరు విప్పకూడదన్నాడు. నన్ను నోరు మూసుకోమన్న మొదటి మగవాడు ఆయన కాదు. నేను మాట విన్న మొదటివాడు మాత్రం ఆయనే.

ఇది ఏం వైద్యం సార్ అని మొదటిరోజే అడిగాను. మనిషికి తెలిసినవన్నీ మనిషికి గుర్తుండవు, కొన్నింటిని మనసే లోపలికి తోసి తలుపు వేస్తుంది, తోసినవి లోపల ఊరికే ఉండవు, చేతినో కాలినో పట్టుకుంటాయి అన్నాడు. బావిలో పైకి కనపడే నీళ్ళు వేరు, అడుగున ఊట వేరు కదా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా సీమలో భూమిలో నీళ్ళు చూపిస్తామని చెప్పి, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేలల్లో తిరిగేవాళ్ళు తక్కువా? ఈయనకు కొబ్బరికాయ కూడా లేదు, వట్టి చేతులు అనుకున్నాను.

అక్క మొదట్లో వంట సంగతులు చెప్పింది, గొడ్ల సంగతులు చెప్పింది. అమ్మ సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. ఏమమ్మా మీ అమ్మను ఇలా చేశారట కదా అని అడిగేస్తే ఏం పోయింది అని నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని. తర్వాత ఒక కల చెప్పింది. చెయ్యి పట్టుకున్నప్పటి నుంచీ వస్తున్న కలేనట.

"సంకలో కోడిపిల్లను పెట్టుకోనుంటా సార్. పారలు, గడార్లు పట్టుకోని జనం వస్తాంటారు. ఏమన్నా దాచిపెట్టినావా అని అడుగుతాంటారు. ల్యాదంటా. పిల్ల అరుస్తుందేమోనని గట్టిగా నొక్కుతా. నొక్కితే సచ్చిపోతుంది, వదిలితే బయటపడుతుంది. అంతలోకే మెలకువ వస్తుంది."

ఆ రోజు డాక్టరు తొందరపడ్డాడు. చంకలో పిల్ల అంటే బిడ్డే అయి ఉండాలి, బిడ్డలు లేరన్న బాధే ఈ కల అని అర్థం చెప్పాడు. అక్క మొహం వాడిపోయింది. ఏమో సార్ అంది మెల్లగా. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బిడ్డలు లేని ఆడది కనపడితే చాలు, దొంగ దొరికినట్టే అందరికీ. అత్త అన్నది అదే, ఊరు అన్నది అదే, సముద్రాలు దాటి చదివి వచ్చి ఈయన చెప్పిందీ అదే.

తర్వాతి మంగళవారం అక్కను బయట అరుగు మీద కూర్చోబెట్టి, నేనొక్కదాన్నే లోపలికి పోయి ఆయనను చెరిగేశాను. మా అక్క కల మీదా, మీ పుస్తకం మీదా అని అడిగాను. ఆయన నాకు మజ్జిగ ఇవ్వలేదు. అంతా విని, మీరు చెప్పింది నిజమే, నేను వినకుండా చెప్పాను అన్నాడు. అక్క వచ్చి పడుకున్నాక మొదటి మాటగా, పోయిన వారం నాది తప్పమ్మా, ఆ కోడిపిల్ల ఏమిటో నాకు తెలీదు, నీకే తెలుసు అన్నాడు. నా మాట వల్ల ఒక మగవాడి తీరు మారడం నేను చూసింది అదే మొదలు. ఆ తర్వాత ఆయన మీద కోపం నిలవలేదు.

ఆ పైన ఆయన అర్థాలు చెప్పడం మానేశాడు. వానలు రావలసిన రోజులు దగ్గరపడ్డాయి. ఆ ఏడూ మేఘం లేదు. ఊళ్ళో అక్క అత్త తన కొడుక్కు పిల్లను చూడటానికి ఒకసారి పోయి వచ్చింది కూడా. అటువంటి ఒక మంగళవారం అక్క మళ్ళీ అదే కల చెప్పింది. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ కోడిపిల్ల ఏ రంగుదమ్మా?" అన్నాడు.

"తెల్లది."

"మీ ఇంట్లో తెల్ల కోళ్ళు ఉండాయా?"

"యాడివి సార్. మా యమ్మ తెల్ల కోడిని ఇంటికి రానీదు. చౌడమ్మ కోడికి గూడా తొన్ను అంటించిందని పిల్లోళ్ళు ఎక్కిరిస్తారని."

ఇన్ని వారాల్లో అమ్మ పేరు ఆ గదిలో పడటం అదే మొదలు. నేను నోరు తెరవబోయి కుర్చీ అంచు పట్టుకుని ఆగాను. అక్క పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది.

"విత్తనం ఏసే దినం తలకు పోసుకుంటాం సార్," అంది ఉన్నట్టుండి. "ఆ పొద్దు చెయ్యెత్తి పసుపు రాసుకుంటాంటి. పసుపు ఆడ పట్టల్యా. చూస్తే తెల్లంగా ఉండాది. మా యమ్మకూ మొదట ఆడనే వచ్చింది. సంకలోనే." ఆగి, తన మాటకు తానే ఆశ్చర్యపోయినట్టు తల తిప్పి నన్ను చూసింది. "ఇది నాకు గుర్తే ల్యా తిరుపాలా. స్నానం చేసి చేనికి పోతి. మధ్యాన్నానికే మర్సిపోతి. ఇప్పుడు చెప్తాంటే కనపడతాండాది."

డాక్టరు లేవలేదు, తాకలేదు. ఆ భుజం దానంతట అదే డొక్క నుంచి విడిపడింది. ముందు వేలు పట్టేంత సందు, తర్వాత గుప్పెడంత. అక్క చెయ్యి పైకి లేస్తుంటే అది ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అన్న సామెత ఉంది చూడండి, మేము బళ్ళారి దాకా వెతికి వచ్చాము.

అక్కను గది మూలన ఉన్న తెర వెనక్కి తీసుకుపోయి రవిక సడలించి చూశాను. చంకలో శనక్కాయంత తెల్లటి మచ్చలు నాలుగైదు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కొంగు కప్పి, మచ్చ మాత్రం కనపడేలా చేసి డాక్టరును పిలిచాను. ఆయన వెలుతురు వైపు తిప్పించి చూసి, గాజు బిళ్ళ అంచుతో మెల్లగా గీకాడు. పిండిలాగా పొట్టు రాలింది.

"ఇది తొన్ను కాదమ్మా, శోభి," అన్నాడు. "చెమటకు వస్తుంది. తొన్ను అయితే చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు. గంధకం మలాము రాస్తే పోతుంది."

నేను పెద్దగా నవ్వాను. బతికిపోయావక్కా, వట్టి శోభి అంటూ ఆమె గడ్డం పట్టుకున్నాను. అక్క నా చెయ్యి విదిలించి కొట్టింది. కుడి చేత్తోనే.

"ఏంటికి నవ్వుతావు?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "శోభి అయితే బతికిపోతినా? తొన్ను అయింటే? అప్పుడు మా యమ్మ మాదిరి తవ్వి కాలుస్తారు, అది న్యాయమేనా నీకు? నువ్వూ వాళ్ళ మాదిరే నవ్వితివి కదే."

డాక్టరు నాకు కళ్ళతోనే ఊరుకోమని చెప్పి, అక్కను మాత్రం చెప్పమ్మా అన్నాడు. అక్క ఇక ఆగలేదు. మంచం మీద పడుకోలేదు, నిలబడే చెప్పింది. గుంత దగ్గర బిందెతో నిలబడిన పొద్దు గురించి చెప్పింది. అమ్మకు తాను కట్టిన చీర అంచు మట్టిలో ముందు కనపడిందట. దాన్ని మా బావ పారతో లాగాడట. కట్టెలు తక్కువైతే ఎవరో పాత గొర్రు విరిచి వేశారట. వాన పడిన రోజు మొక్కు తీర్చుకుని ఊరంతా బెల్లం ఓళిగలు వండి, ఆమెకూ విస్తరి వేసి, మీ యమ్మ పుణ్యం తిను అన్నారట. తిన్నదట.

"ఈ చెయ్యే సార్," అంది, కుడి చెయ్యి చాపి. "బిందె ఈ సంకలోనే ఉండె. ఎత్తి వాని నెత్తిన ఏయాల అనుకుంటి. ఎయ్యల్యా. నొక్కి పట్టుకుంటి. వాడు తవ్వుతాంటే, నేను నొక్కి పట్టుకుంటి."

మా అక్క కట్టుకున్నవాణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలిచింది కాదు, ఆయప్ప అనేది. వాడు అనడం అదే మొదటిసారి. ఉప్పూ కారం లేని మనిషి అని నేను తిట్టుకున్న మనిషి ఆమె. నా కోపం రోజూ నోటి నుంచి పోయి మజ్జిగతో చల్లారేది. ఆమెది ఎటూ పోక ఏడాది పాటు భుజాన్ని పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి మచ్చనూ దాచింది, వేయని దెబ్బనూ దాచింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఏడవలేదు. చెయ్యి బాగైన సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దంది. ఎందుకు అని పోట్లాడాను. చెయ్యి లేచిందని తెలిస్తే అత్త మారుమనువు మాట మానేస్తుంది, విత్తనం కాలానికి నీ ఇల్లు నీకు నిలబడుతుంది కదా అన్నాను. ఉండనీ అంది. డాక్టరు రాసిస్తే పామిడి అంగట్లో కొన్న మలాము సీసా నా సంచిలో వేసి, నీ దగ్గరే పెట్టుకో అంది. ఊరి పొలిమేరలో బస్సు దిగగానే ఆమె కుడి భుజం మళ్ళీ డొక్కకు ఆనింది. ఈసారి తెలిసి ఆనించింది.

పది రోజులు కాలేదు, బయ్యన్న చనిపోయాడు. గొర్రెలు కాచుకుని బతికిన ముసలాయన. ఆయనకు రెండు చేతులూ మొహంలో సగమూ తొన్నే. వాళ్ళది పూడ్చే ఆచారం. గొర్రెల దొడ్డి వెనక వాళ్ళ కొడుకును పూడ్చిన చోటు ఉంది, దాని పక్కనే పూడ్చాలని ఆయన భార్య ఆంజినమ్మ పట్టుబట్టింది. తెల్లవారేసరికి ముత్యాలప్ప ఊరి జనంతో, కట్టెల బండితో వాళ్ళ గుడిసె ముందుకు వచ్చాడు. కబురు వచ్చినప్పుడు అక్క గుమ్మంలో కూర్చుని తన రవిక చంక కింది కుట్టు సూదితో విప్పుతోంది. బిగుతుగా ఉందేమో అనుకున్నాను. సూది గోడకు గుచ్చి లేచింది. ఇద్దరం పోయాము. మా బావ అప్పటికే అక్కడ గడారి పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరు ఏ పని చెబుతారా అన్నట్టు.

ముత్యాలప్ప అరిచే మనిషి కాదు. మెత్తగా మాట్లాడతాడు, దాంతో ఇంకా ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు పూడ్చి మళ్ళీ తవ్వే కష్టం నీకెందుకు ఆంజినమ్మా, మొదటే కాలిస్తే ఊరికీ మంచిది, వానకూ మంచిది అని నచ్చచెప్పాడు. ఆంజినమ్మ భర్త కాళ్ళు పట్టుకుని, నా మనిషిని నా బిడ్డ పక్కన పెట్టనీండి అని ఒకే మాట అంటోంది. జనంలో ఎవరూ ఆమె మొహం చూడటం లేదు. నేను ముందుకు పోయి నా ధోరణిలో మొదలుపెట్టాను. తొన్ను రోగమే కాదు, వానకూ దానికీ సంబంధం లేదు, పడిన వానకు వేసిన చేను ఏమైందో చెప్పండి అని గొంతు చించుకున్నాను. ముత్యాలప్ప అలవాటుగా తల ఊపాడు. ఎవరో నాకు నీడ వదిలి పక్కకు జరిగారు.

"టీచరమ్మ సదువుకున్న మాటలు చెప్తాది," అన్నాడు జనం వైపు తిరిగి. "తిమ్మక్కను అడగండప్పా. వాళ్ళమ్మను కాలిస్తేనే కదా వాన పడింది. ఆ యమ్మ కూతురే ఒప్పుకొని బిందె పట్టుకోని నిలబడింది. చెప్పు తిమ్మక్కా."

అక్క ముందుకు నడిచింది. శవం పక్కన, ముత్యాలప్పకు ఎదురుగా నిలబడింది. కుడి చెయ్యి నిటారుగా ఆకాశంలోకి ఎత్తింది. ఏడాదిగా లేవని చెయ్యి లేచేసరికి జనం ఒక అడుగు వెనక్కి వేశారు. కుట్టు విప్పిన చోట రవిక తెరుచుకుంది. పొద్దున ఎండ సూటిగా ఆ తెల్లమచ్చల మీద పడింది.

"సూడండి," అంది అక్క. "మా యమ్మది నాకొచ్చింది. ముత్యాలప్పా, నేను సచ్చినంక పూడిస్తావా, కాలుస్తావా, ఇప్పుడే చెప్పు. సచ్చినోళ్ళకు నోరు ల్యాదు, నాకుండాది. నేను భూమ్మీద నిలబడితేనే వాన రాదంటే ఇప్పుడే కట్టెలు పేర్చు." మా బావ వైపు తిరిగింది. "గడారి నీ చేతుల్లోనే ఉండాది కదా. మొదటి దెబ్బ సొంత మనిషే ఏయాల. రా, ఎయ్యి."

మా బావ కదల్లేదు. ముత్యాలప్ప మొహంలో ఆ మెత్తదనం పోయింది. బతికి ఉన్న మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే చెప్పడానికి ఆయన దగ్గర పద్ధతి లేదు. అటూ ఇటూ చూసి, చివరికి నా వైపు తిరిగాడు.

"నువ్వు సదువుకున్నదానివి, ఆస్పత్రులకు తిప్పినదానివి. అది తొన్నేనా టీచరమ్మా?"

మలాము సీసా నా సంచిలోనే ఉంది. శోభి అని ఒక్క మాట అంటే చాలు. అక్క ఇంటికి పోతుంది, చెయ్యి బాగైంది కాబట్టి ఆమె ఇల్లు నిలబడుతుంది. బయ్యన్నను కాలుస్తారు. ఇన్నేళ్ళూ ఈ ఊరికి నేను నిజాలే అరిచి చెప్పాను. ఒక్కటీ ఎవరి చెవికీ ఎక్కలేదు. అక్క నన్ను చూడటం లేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

"తొన్నే," అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. "మా అమ్మకొచ్చిందే. ఎవరికైనా వస్తుంది. రేపు మీ ఇంట్లోనూ రావచ్చు."

కట్టెల బండి పక్కన నిలబడినవాళ్ళు ఒక్కొక్కరే దూరం జరిగారు. మా బావ చాలాసేపు నేల చూస్తూ నిలబడి, గడారి భుజాన వేసుకుని ఆంజినమ్మ దగ్గరికి పోయాడు. యాడ తవ్వాల్నో చూపించు పెద్దమ్మా అన్నాడు. ఆమె లేచి కళ్ళు తుడుచుకుని దొడ్డి వెనక్కి దారి తీసింది.

నేల రాయిలాగా ఉంది, గుంత తవ్వడానికి చాలాసేపు పట్టింది. తవ్వినంతసేపూ అక్క చెయ్యి దించలేదు.